చిన్న పట్నానికి మంచినీళ్ల పథకం: డీపీఆర్ చేతికొచ్చింది, ఏం అడగాలి?

గుట్టవీధి (కేఆర్ పురం)

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె చుట్టుపక్కల ఒక చిన్న పట్నం. ఫైలు ఇంకా ఆఫీసులో నడుస్తోంది కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. నిన్నమొన్నటిదాకా పంచాయతీ, ఇప్పుడు నగర పంచాయతీ. ఊరంతా బోర్ల మీదే బతుకుతోంది. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ నీళ్లతో పథకం వేస్తున్నారు. అభ్యంతరాలు, సలహాలు ఏమైనా ఉంటే రాసివ్వమన్నారు.

డీపీఆర్ (పథకం పూర్తి వివరాలుండే రిపోర్టు) జిరాక్సు తెప్పించుకుని చదివాను. ట్యాంకు ఎన్ని లక్షల లీటర్లు, పైపు ఎన్ని కిలోమీటర్లు, ఖర్చు ఎన్ని కోట్లు, అన్నీ ఉన్నాయి. ఎండాకాలం కాలువ ఆగితే నీళ్లెక్కడివో లేదు. మా గుట్టవీధి చివరి ఇంటికి ఎంత ప్రెషర్‌తో వస్తాయో లేదు. పథకం నడపడానికి నెలకెంత అవుతుందో, ఎవరు కడతారో అదీ లేదు. నా దృష్టిలో ఈ మూడే అసలు పథకం. ట్యాంకు కట్టి రిబ్బన్ కత్తిరించడం ఎవరైనా చేస్తారు.

మన గ్రూపులో బెంగళూరులో ఈ పనుల్లో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఉత్తరం గట్టిగా రాయడానికి సాయం చేయండి.

రిటైర్డ్ ఇంజినీరు (పద్మనాభనగర)

బాబూ, మంచి పని మొదలుపెట్టావు. ముందు ఒక్కటి చెప్పు. మనిషికి రోజుకు ఎన్ని లీటర్లని లెక్క కట్టారు? ఎన్నేళ్ల తర్వాతి జనాభాకు కట్టారు?

గుట్టవీధి

మనిషికి 135 లీటర్లు సార్. ముప్పై ఏళ్ల తర్వాత 30 వేల జనాభా ఉంటుందని వేశారు. ఇప్పుడు ఇరవై వేల లోపే.

రిటైర్డ్ ఇంజినీరు

సరే, వివరంగా చెప్తాను. ఓపిగ్గా చదువు.

మంచినీళ్లు, డ్రైనేజీ పనులు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం సీపీహెచ్ఈఈఓ వాళ్ల మాన్యువల్ ఒకటుంది. 1999 నాటి ప్రతినే దేశమంతా ఏళ్ల తరబడి వాడింది. ఆ 1999 ప్రతి ప్రకారం అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉన్న ఊరికి 135 లీటర్లు, పైపుల నీళ్లుండి డ్రైనేజీ లేని ఊరికి 70, వీధి కుళాయిల దగ్గర పట్టుకునే వాళ్లకు 40. పల్లెలకు జల్ జీవన్ మిషన్ పెట్టుకున్నది 55. మీ ఊళ్లో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు కదా. మరి 135 ఎందుకు వేశారని అడుగు. తగ్గించమని కాదు. ఇచ్చిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగై బయటికొస్తుంది. 30 వేల మందికి 135 చొప్పున రోజుకు 40 లక్షల లీటర్లు ఇస్తే 32 లక్షల లీటర్ల మురుగు. అది ఎటు పోతుందో ఈ డీపీఆర్‌లోనే రాయాలి. రాయకపోతే మీ చెరువులోకే పోతుంది.

రెండో సంగతి. పైపులు ముప్పై ఏళ్లకు వేస్తారు, పంపులు, మోటార్లు పదిహేనేళ్లకే. ఇది సరైన పద్ధతి. భూమిలో పూడ్చిన పైపును మళ్లీ తవ్వి మార్చడం కష్టం, మోటారు మార్చడం సులువు. ముప్పై ఏళ్ల తర్వాతి జనాభాకు సరిపోయే మోటారు ఈరోజే బిగిస్తే రోజూ అవసరానికి మించి కరెంటు తాగుతుంది. డీపీఆర్‌లో మోటార్లు ఏ సంవత్సరం జనాభాకు వేశారో చూడు.

లీకేజీలకు 15 శాతం కలుపుకుంటే 30 వేల మందికి రోజుకు 47 లక్షల లీటర్లు కావాలి. ఇకమీద ఈ అంకె మీదే మాట్లాడుకుందాం.

వైట్‌ఫీల్డ్ శ్రీలత

ఇంజినీరు గారు చెప్పినదానికి మహదేవపుర వైపు ఉండే మేము సాక్ష్యం. 2007లో 110 పల్లెల్ని బెంగళూరు కార్పొరేషన్‌లో కలిపారు. అప్పటి నుంచి అపార్టుమెంట్లు లేస్తూనే ఉన్నాయి, నీళ్లు మాత్రం బోర్లూ ట్యాంకర్లే. ఆ పల్లెల కోసమని తెచ్చిన కావేరి నీళ్ల పథకం అయిదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. మధ్యలో పదిహేడేళ్లు. 2024 మార్చిలో బోర్లు సగం దాకా ఎండిపోయినప్పుడు మంచినీళ్లతో కారు కడిగితే 5 వేలు జరిమానా వేశారు, కుళాయిలకు ఏరేటర్లు (ధార తగ్గించే మూతలు) తప్పనిసరి చేశారు. ట్యాంకరుకు ఫోన్ చేసి రెండు రోజులు ఎదురుచూసిన ఇళ్లు మా లేఅవుట్‌లోనే ఉన్నాయి.

ఊరు ఎటు పెరుగుతుందో ముందే చూసుకోవాలి తమ్ముడూ. మీ ఊళ్లో కొత్త వెంచర్లు ఏ రోడ్డు వైపు వస్తున్నాయి? డీపీఆర్ మ్యాపులో ఆ రోడ్డుకు లైను ఉందా?

గుట్టవీధి

బైపాస్ వైపు వస్తున్నాయి అక్కా. మ్యాపులో పాత ఊరు, ఎస్సీ కాలనీ, బస్టాండు ఉన్నాయి. బైపాస్ వైపు ఏమీ లేదు. రాసుకున్నాను.

ఊళ్లోనే ఉన్నా

నేను ఆ ఊళ్లోనే టీచరుగా చేస్తున్నాను, ఉండేదీ అక్కడే. బెంగళూరులో కూర్చున్న మీకు కనపడనివి కొన్ని చెప్తాను.

ఇప్పుడు మా వీధికి రెండు రోజులకొకసారి నీళ్లు వదులుతారు. ఎప్పుడు వదులుతారో తెలియదు. తెల్లవారుజామున మూడింటికి వచ్చినా లేవాల్సిందే. వాల్వు తిప్పే ఆయన మంచివాడే. కానీ ఏ వాల్వు ఎక్కడుందో ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆయనకు జ్వరం వస్తే ఊరికి నీళ్లు రావు.

నీళ్లు రాగానే వీధి మొదట్లోని నాలుగైదు ఇళ్లవాళ్లు కుళాయికే మోటారు తగిలించి లాగేస్తారు. చివర్లో మాకు సన్నని ధార, తర్వాత గాలి. మా పైపు మూడు చోట్ల మురుగు కాలువలో నుంచే పోతుంది. నీళ్లు ఆగిన తర్వాత పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు మోటారు లాగితే ఎక్కడ చిల్లుంటే అక్కడి నుంచి మురుగు లోపలికి వస్తుంది. మొదటి రెండు బిందెలు వాసన చూసి పారబోస్తాం. వానాకాలంలో మా స్కూల్లో పిల్లలకు విరేచనాలు పట్టుకునేది ఈ నీళ్లతోనే.

కొత్త పథకంలో ఎంత పెద్ద ట్యాంకు కట్టినా ఈ పాత పైపులకే కలిపితే మాకు ఒరిగేదేమీ లేదు. మీ ఉత్తరంలో మొదటి వాక్యం ఇదే రాయండి.

బొమ్మనహళ్లి పైపులాయన

టీచరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇరవై ఏళ్లకు పైగా ప్లంబింగ్ కాంట్రాక్టు చేస్తున్నా. మాది పీలేరు.

వీధి చివరికి నీళ్లెందుకు రావంటే మోటార్లు ఒక్కటే కారణం కాదన్నా. ఆ 1999 మాన్యువల్ ప్రకారం 50 వేల లోపు ఊరికి పైపులు డిజైన్ చేసేటప్పుడు పీక్ ఫ్యాక్టర్ 3 వేస్తారు. అంటే సగటు ప్రవాహానికి మూడింతలు మోసేలా పైపు సైజు పెడతారు. 24 గంటల నీళ్లను మూడింతల వేగంతో ఇస్తే ఎంతసేపు పడుతుంది? ఎనిమిది గంటలు. అదే నీళ్లను గంటా రెండు గంటల్లో వదిలేస్తే ఆ పైపు మోయలేదు. మొదటి ఇళ్లు తాగేస్తాయి, చివరి ఇళ్లకు గాలి. డిజైన్ ఎనిమిది గంటలకు చేసి, నడపడం ఒక గంట నడిపితే ఏ ఊళ్లోనైనా ఇంతే అవుతుంది.

అందుకని ఇలా అడుగు: రోజుకు ఎన్ని గంటలు వదులుతారు? ఆ గంటలకు సరిపోయే పైపు సైజు వేశారా? ఊళ్లోపల నాలుగంగుళాల కంటే సన్నం లైన్లు ఎన్ని వీధుల్లో ఉన్నాయి?

ఇంకోటి. అదే మాన్యువల్ ప్రకారం నేల ఇంటికి కనెక్షన్ దగ్గర 7 మీటర్ల ప్రెషర్ (అంటే నీళ్లు 7 మీటర్ల ఎత్తుకు ఎక్కే ప్రెషర్) మిగలాలి, పైన ఒక అంతస్తు ఉంటే 12, పైన రెండంతస్తులు ఉంటే 17. గేజీ మీద చూస్తే 7 మీటర్లంటే సుమారు 0.7 కేజీ. గేజీ కొని కుళాయికి బిగిస్తే ఎవరైనా చూడొచ్చు. బిల్లు పాస్ చేసే ముందు గుట్ట మీద చివరి ఇంట్లో గేజీ పెట్టి చూపించాలని టెండర్లోనే రాయించు. కాంట్రాక్టరుకు ఆ భయం ఉంటే పని వేరేగా ఉంటుంది, నేను చేసే పనే కాబట్టి చెప్తున్నా.

గుట్టవీధి

అన్నా, ఇది బంగారం లాంటి మాట. గుట్ట మీద గేజీ షరతు తప్పకుండా రాస్తాను.

మా వీధి ట్యాంకు కంటే ఎంత ఎత్తులో ఉందో డీపీఆర్‌లో లేదు. ఊరికంతా కలిపి ఒకే ఓవర్‌హెడ్ ట్యాంకు చూపించారు, బస్టాండు దగ్గర.

రిటైర్డ్ ఇంజినీరు

ఎత్తులు లేకుండా వేసిన మ్యాపు మంచినీళ్ల పథకానికి పనికిరాదు బాబూ. బస్టాండు పల్లంలో ఉంటే అక్కడి ట్యాంకు నుంచి గుట్టకు నీళ్లెక్కవు. గుట్టకు సరిపోయేంత ఎత్తుగా ట్యాంకు కడితే పల్లంలోని పైపులు ఎక్కువ ప్రెషర్‌కు పగులుతాయి. ఊరిని ఎత్తును బట్టి జోన్లుగా విడగొట్టి, గుట్టకు గుట్ట మీదే చిన్న ట్యాంకు కట్టాలి. లెవెల్స్ (ఎత్తుల కొలతలు) తీసుకున్న తర్వాత లెక్క కట్టడానికి ఈపానెట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఐఐటీ బొంబాయి వాళ్లు పల్లె పథకాల కోసమే జల్‌తంత్ర అని ఒకటి చేశారు. అదీ ఉచితమే. ఆ లెక్కల కాపీ అడుగు. చేసి ఉంటే ఇస్తారు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్నకు వస్తాను, ఎండాకాలం సంగతి.

హంద్రీ-నీవా నీళ్లు శ్రీశైలం వెనుక మల్యాల దగ్గర ఎత్తిపోస్తే ఎన్నో లిఫ్టులు దాటి మీదాకా రావాలి. శ్రీశైలానికి వరద వచ్చిన ఏడాది వస్తాయి, లేని ఏడాది కష్టం. వచ్చినా ఏడాది పొడుగునా ఉండవు. అందుకే ఎండాకాలానికి నీళ్లు దాచుకునే సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు కావాలి. డీపీఆర్‌లో అది ఎన్ని రోజులకు పెట్టారు?

గుట్టవీధి

తొంభై రోజులకు అని ఉంది సార్. లోతు 3 మీటర్లు.

రిటైర్డ్ ఇంజినీరు

ఆ లోతు దగ్గర ఆగాలి. రోజుకు 47 లక్షల లీటర్లు, తొంభై రోజులకు 42 కోట్ల 30 లక్షల లీటర్లు. 3 మీటర్ల లోతైతే నీళ్లు పరుచుకోడానికే దాదాపు 35 ఎకరాలు కావాలి. 5 మీటర్లైతే 21 ఎకరాలు చాలు.

స్థలం కంటే ముఖ్యం ఎండ. మన వైపు ఏప్రిల్, మేలలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరి అవుతాయనుకో. తొంభై రోజులకు 72 సెంటీమీటర్లు. నీటి విస్తీర్ణం 35 ఎకరాలుంటే అందులో నుంచి ఊరికి దాదాపు 22 రోజులు సరిపోయే నీళ్లు గాలిలో కలుస్తాయి. 21 ఎకరాలైతే పోయేవి 13 రోజులవి. ఇంకేమీ మార్చకుండా ట్యాంకు లోతు చేస్తేనే దాదాపు తొమ్మిది రోజుల నీళ్లు మిగులుతాయి. తొంభై రోజులకని కట్టే ట్యాంకులో ఆవిరి, అడుగున మిగిలే బురద నీళ్లు కలిపారో లేదో చూడు. కలపకపోతే అది తొంభై రోజుల ట్యాంకు కాదు, డెబ్బై రోజులకే అడుగంటుతుంది.

కాలువ గత అయిదేళ్లలో ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన ఆగింది, ఇరిగేషన్ ఆఫీసులో రిజిస్టరు ఉంటుంది. ఆ కాగితం అడుగు. అన్నిట్లోకీ తక్కువ రోజులు పారిన ఏడాదిని పట్టుకుని ట్యాంకు సైజు కట్టాలి, సగటు పట్టుకుని కాదు.

మైలాపూర్ మూర్తి

చెన్నై నుంచి రాస్తున్నాను. దూరం నుంచి తెచ్చుకునే నీళ్ల కష్టం మాకు బాగా తెలుసు. చెన్నైకి కృష్ణా నీళ్లిచ్చే తెలుగు గంగ ఒప్పందం 1983లో అయితే ఆ నీళ్లు కండలేరు రిజర్వాయరు దాటి మా పూండి రిజర్వాయరుకు వచ్చింది 1996లో. ఆ తర్వాత కూడా కాలువ గట్లు దెబ్బతిని నీళ్లు దారిలోనే ఇంకిపోతుంటే సత్యసాయి ట్రస్టు వాళ్లు బాగు చేయించారు. 2019లో ఇక్కడి చెరువులు ఎండిపోతే జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. మింజూరు, నెమ్మేలి సముద్రపు నీటి ప్లాంట్లు లేకపోతే ఆ ఏడాది ఇంకా ఘోరంగా ఉండేది. సముద్రం మీ ఊరికి లేదు. కాబట్టి కాలువ వచ్చిందని బోర్లను, చెరువును వదిలేయకండి. 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి ఇంటికీ వాననీటి గుంత తప్పనిసరి చేసింది. ఆ తర్వాత మా వీధి బావిలో నీళ్లు పైకి రావడం నేను చూశాను.

కోలారు ల్యాబ్

మూర్తి గారి మాటకు నేను ఒకటి కలుపుతాను. నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను. మా జిల్లాలో, మీ వైపు, అనంతపురం వైపు బోరు ఎంత లోతుకు పోతే ఫ్లోరైడ్ అంత కనపడుతోంది. బీఐఎస్ 10500 అనే తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించి ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు, పెద్దవాళ్లకు మోకాళ్లు, నడుము పట్టేయడం. కాచితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

బోర్లు ఉంచుకోవాలి, కానీ కలపడం తెలియాలి. ఉదాహరణకు బోరులో 2 మిల్లీగ్రాములు, కాలువ నీళ్లలో 0.4 ఉందనుకోండి. సగం సగం కలిపితే 1.2 వస్తుంది, 1 అనే హద్దు దాటుతుంది. రెండు వంతుల కాలువ నీళ్లకు ఒక వంతు బోరు నీళ్లు కలిపితే 0.93. లోపలే ఉంటుంది. కాబట్టి బోర్లను నేరుగా వీధి లైన్లకు కలపకుండా ఒకే సంపులోకి తెచ్చి కలిపి, అక్కడ క్లోరిన్ వేసి పైకి ఎక్కించాలి. డీపీఆర్‌లో ప్రతి బోరుకు విడిగా టెస్టు రిపోర్టు ఉందా? ఎండాకాలంలో తీసిన శాంపిలా, వానలు పడ్డాక తీసిందా? తేదీ చూడండి.

టీచరమ్మా, మీకొక పని. మీ కుళాయి చివర్లో క్లోరిన్ 0.2 మిల్లీగ్రాము మిగలాలి. పంచాయతీల్లో క్లోరోస్కోప్ డబ్బా ఇచ్చి ఉంటారు. నీళ్లలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రాకపోతే క్లోరిన్ సరిగా వేయలేదనో, దారిలో మురుగు కలిసిందనో అనుకోండి. పిల్లల చేత స్కూల్లోనే చూపించొచ్చు.

ఊళ్లోనే ఉన్నా

ఆ డబ్బా మా ఊరి ఆఫీసు బీరువాలో ఉందని విన్నాను. అడిగి తెస్తాను మేడమ్.

పీణ్య పంపులు

లేటుగా చూశాను. నేను పీణ్యలో పంపుల పని చేస్తాను. మీరు కరెంటు మాట ఇంకా ఎత్తలేదు. చాలా పథకాలు ఆగిపోయేది అక్కడే.

సమ్మర్ ట్యాంకు నుంచి ఊరికి ఎంత దూరం? పైపు ఎంత?

గుట్టవీధి

దాదాపు పది కిలోమీటర్లు. 250 ఎంఎం డీఐ (డక్టైల్ ఐరన్ అనే ఇనుప రకం) పైపు రాశారు. ఖర్చు తగ్గించడానికి 300 నుంచి 250కి మార్చినట్టు ఒక నోటు ఉంది.

పీణ్య పంపులు

ఆ నోటు జాగ్రత్తగా దాచుకో తమ్ముడూ.

47 లక్షల లీటర్లను రోజుకు 16 గంటలు పంపు చేస్తే సెకనుకు 82 లీటర్ల దాకా పోతాయి. 300 పైపులో రాపిడికి కిలోమీటరుకు దాదాపు 3.8 మీటర్ల హెడ్ (మీటర్లలో కొలిచే ప్రెషర్) పోతుంది. 250 పైపులో 9.3 మీటర్లు. పది కిలోమీటర్లకు 38 ఎక్కడ, 93 ఎక్కడ! ఆ 55 మీటర్ల తేడాను రోజూ మోటారే తొయ్యాలి. పంపు, మోటారు కలిపి 65 శాతం ఎఫిషియన్సీ పట్టుకుంటే రోజుకు 1,080 యూనిట్లు అదనం. యూనిట్ 7 రూపాయలనుకున్నా ఏడాదికి 27 లక్షల పైనే. పైపులో ఒకసారి మిగిల్చింది కరెంటు బిల్లులో ఏటా కట్టాలి, అదీ ముప్పై ఏళ్లు. నిండు జనాభాకు వేసిన లెక్క ఇది, మొదటి ఏళ్లలో తక్కువే ఉంటుంది. కానీ ఊరు పెరిగే కొద్దీ బిల్లు ఊరికంటే వేగంగా పెరుగుతుంది.

బెంగళూరుకు కావేరి నీళ్లు తొరెకాడనహళ్లి నుంచి వంద కిలోమీటర్ల దూరం, మూడు పంపింగ్ స్టేషన్లు దాటి దాదాపు 500 మీటర్లు పైకెక్కి వస్తున్నాయి. ఇంత పెద్ద నగరమే ఆ బిల్లు కట్టడానికి కిందా మీదా పడుతోంది. చిన్న ఊరు ఏం తట్టుకుంటుంది? పైపు మొదటి ఖర్చు, ముప్పై ఏళ్ల కరెంటు రెండూ కలిపి ఏ సైజుకు తక్కువ పడుతుందో చూసి పైపు ఎంచుకోవాలి. ఆ పట్టిక డీపీఆర్‌లో ఉండి తీరాలి. లేకపోతే వేసి ఇవ్వమని రాయి.

స్టాండ్‌బై పంపు ఉందో లేదో కూడా చూడు. ఒకే పంపు పెట్టి వైండింగ్ కాలితే మోటారు బెంగళూరుకో తిరుపతికో పోయి రావాలి. ఆ నాలుగు రోజులు ఊరికి దిక్కెవరు?

హోసూరు రోడ్డు

అంతా బాగుంది. చివరికి మీటర్లు పెట్టి బీదవాళ్ల దగ్గర వసూలు చేయమంటారు కదా? నీళ్లు ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. దీనికి నేను ఒప్పుకోను.

ఊళ్లోనే ఉన్నా

అన్నా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఇప్పుడు మేం ఉచితంగా తాగుతున్నామనుకుంటున్నారా? ఆర్‌వో ప్లాంటు క్యాను ఇంటికి తెచ్చి వేస్తే 15 రూపాయలు. రోజుకొకటైతే నెలకు 450. పెళ్లో పండగో వస్తే ట్యాంకరు వేరే. ఎక్కువ కట్టేది కాలనీ వాళ్లే, ఎందుకంటే పెద్ద ఇళ్లవాళ్లకు సొంత బోరు ఉంది.

వేళకు వచ్చే మంచినీళ్లకు నెలకు వందో నూటయాభయ్యో కట్టడానికి మా వీధిలో ఎవరూ వెనకాడరు. రానివాటికి కట్టమంటేనే గొడవ.

హోసూరు రోడ్డు

కట్టలేని ఇళ్లు కూడా ఉంటాయి కదమ్మా. పట్టా లేని గుడిసెల సంగతేంటి? డోర్ నంబరు లేకపోతే కనెక్షన్ ఇవ్వరు. వాళ్లు మళ్లీ వీధి కుళాయి దగ్గరే బారులు తీరాలా?

వైట్‌ఫీల్డ్ శ్రీలత

ఇది ముఖ్యమైన ప్రశ్న, దీన్ని దాటిపోకూడదు. నీళ్ల కనెక్షన్‌కు పట్టాతో ముడిపెట్టకూడదని ఉత్తరంలో రాయండి. నీళ్లిచ్చినంత మాత్రాన స్థలం మీద హక్కు వచ్చినట్టు కాదని ఒక వాక్యం చేర్చి కనెక్షన్ ఇవ్వొచ్చు. డిపాజిట్ ఒకేసారి కట్టలేనివాళ్లకు వాయిదాలు పెట్టాలి.

ధర సంగతికొస్తే మహారాష్ట్రలో కరాడ్ పక్కన మల్కాపూర్ అని ఒక చిన్న పట్నం ఉంది. అక్కడ మీటర్లు పెట్టి 24 గంటలూ నీళ్లిచ్చారు. తక్కువ వాడిన ఇంటికి తక్కువ రేటు, ఎక్కువ వాడే కొద్దీ రేటు పెరిగేలా పెట్టారు. కర్ణాటకలో హుబ్బళ్లి-ధారవాడ, బెళగావి, కలబురగిలో 2008లో కొన్ని వార్డుల్లో ఇలాగే మొదలుపెట్టారు. పైపులో ఎప్పుడూ నీళ్లు నిండి ఉంటే టీచరమ్మ చెప్పిన మురుగు లోపలికి రాదు, మోటారుతో లాగే అవసరమూ ఉండదు.

రిటైర్డ్ ఇంజినీరు

శ్రీలత గారితో ఏకీభవిస్తాను. అయితే మొదటి రోజే 24 గంటలు అని పట్టుబట్టొద్దు. లీకులు మూయకుండా 24 గంటలు వదిలితే ట్యాంకు మధ్యాహ్నానికే ఖాళీ. ఒక జోన్‌ను ఎంచుకుని పాత పైపులు పూర్తిగా తీసేసి, మీటర్లు బిగించి, అక్కడ నిలబడ్డాక తర్వాతి జోన్. మొదటి జోన్ గుట్ట వైపే పెట్టమనండి. కష్టమైన చోట నడిస్తే పల్లంలో నడవడానికి అడ్డేమీ ఉండదు.

కరెంటు, మందులు, మనుషుల జీతాలు, రిపేర్లు కలిపి నెలకెంత, వసూలెంత, తక్కువపడింది ఏ పద్దు నుంచి, ఈ లెక్క కౌన్సిల్ తీర్మానంలో రావాలి. అనంతపురంలో 1995లో మొదలైన సత్యసాయి పథకం వందల ఊళ్లకు ఇప్పటికీ నీళ్లిస్తోందంటే కట్టిన తర్వాత దాన్ని చూసుకోవడానికి మనుషుల్ని, డబ్బును ఏర్పాటు చేయడం వల్లే. మోటారు ఆపరేటర్లను ఇప్పుడే తీసుకుని, పైపులు వేసేటప్పుడు కాంట్రాక్టరు పక్కనే నిలబెట్టాలి. ఏ వాల్వు ఎక్కడ పూడ్చారో కళ్లారా చూసినవాడికే తెలుస్తుంది. పని అయ్యాక వేసిన లైన్ల మ్యాపు మూడు కాపీలు కావాలి: ఆఫీసుకొకటి, ఆపరేటరుకొకటి, గోడ మీద అందరికీ కనపడేలా ఒకటి.

గుట్టవీధి

సార్, అక్కా, అన్నలు, అందరికీ పేరుపేరునా దండాలు. ఉత్తరం మొదలుపెట్టాను. మొదటి పేరా టీచరమ్మ చెప్పిన పాత పైపుల మీదే. తర్వాత కాలువ తేదీల రిజిస్టరు, ట్యాంకు లోతు, 250 పైపు నోటు, గుట్ట మీద గేజీ, పట్టా లేని ఇళ్లు. మురుగు సంగతి విడిగా ఇంకో ఉత్తరం రాయడమే మంచిదనిపిస్తోంది. రెండూ కలిపితే రెండూ పక్కన పెడతారు.

నాకు ఒక్కటే చిక్కు. ఎత్తులు లేవన్నాను కదా. సర్వేకు ప్రైవేటు వాళ్లు చాలా అడుగుతున్నారు. ఉత్తరంలో ‘గుట్టవీధి ఎత్తుగా ఉంది’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, అంకె కావాలి.

బొమ్మనహళ్లి పైపులాయన

దానికి సర్వే ఎందుకు? మేస్త్రీల దగ్గర లెవెల్ ట్యూబు ఉంటుంది, పారదర్శకంగా ఉండే సన్నని పైపు. అందులో నీళ్లు పోసి ఇద్దరు రెండు కొసలు పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. బస్టాండు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో కరెంటు స్తంభం దగ్గర తేడా టేపుతో కొలిచి రాసుకుంటూ గుట్ట పైదాకా పోండి. పైపులో గాలి బుడగలు లేకుండా చూసుకోండి, బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. పైకి పోయేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి కొలిస్తే రెండూ కలుస్తున్నాయో లేదో తెలుస్తుంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి అయిపోతుంది.

ఊళ్లోనే ఉన్నా

ఆదివారం మా పదో తరగతి పిల్లల్ని తీసుకుని నేను కొలిపిస్తాను. లెవెల్ ట్యూబు మా వీధి మేస్త్రి దగ్గర ఉంది. స్తంభాల నంబర్లతో సహా రాసి ఇక్కడ పెడతాను.

రిటైర్డ్ ఇంజినీరు

అమ్మా, దానితోపాటు గుట్ట మీద ఎన్ని ఇళ్లున్నాయో, ఎన్నింటికి మేడ ఉందో కూడా రాయండి. ఆ రెండు అంకెలూ వస్తే గుట్ట మీద ట్యాంకు ఎంత ఎత్తు, ఎంత సైజు కావాలో నేను లెక్క వేసి ఉత్తరానికి జతచేయడానికి ఇస్తాను. బాబూ, ఉత్తరం ఇవ్వడానికి చివరి తేదీ ఎప్పుడు?

గుట్టవీధి

వచ్చే శుక్రవారం సార్. గురువారం రాత్రి మెజెస్టిక్‌లో బస్సెక్కి నేనే పోయి ఇన్‌వార్డులో ఇచ్చి రసీదు తీసుకుంటాను.